గడియారం పక్కన 14 ఐకాన్లు, నాకు తెలిసినవి నాలుగే

మార్కాపురం_నెట్‌సెంటర్
మార్కాపురం దగ్గర ఒక మండల కేంద్రంలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డులు, దాంతోపాటు మా ఊరి టాక్స్ ప్రాక్టీషనర్‌కి జీఎస్టీ పని కూడా ఇక్కడి నుంచే. పోయిన నెల సిస్టమ్ మొరాయిస్తే సర్వీస్ అబ్బాయి తీసుకెళ్లి మళ్లీ విండోస్ 10 వేసి తెచ్చాడు. అప్పటి నుంచి కింద కుడి మూలన ఐకాన్లు గుంపుగా చేరాయి, ఆ చిన్న పైబాణం నొక్కితే ఇంకొన్ని బయటపడుతున్నాయి. ఇవాళ గిరాకీ లేనప్పుడు కూర్చుని లెక్కపెడితే 14. నెట్, సౌండ్, భాష, పెన్‌డ్రైవ్ తీసేది, ఈ నాలుగే నాకు తెలుసు. మిగతావి: మేఘం, పసుపు గుర్తు ఉన్న డాలు, నారింజ రంగు స్పీకర్, కాఫీ కప్పు, వీడియో కెమెరా, తాళంచెవి, వేలిముద్ర, ప్రింటర్ బొమ్మలు రెండు, చివరగా ఒక నీలం గుండ్రటిది. ఏది ఉంచాలి, ఏది తీయాలి? ఈ సిస్టమ్‌లో ఊళ్లోవాళ్ల ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ ఫోటోలు ఉన్నాయి, నా టెన్షన్ అంతా వాటి గురించే.

కృష్ణలంక_కుర్రాడు
ఒక్కోదాని మీద మౌస్ పెట్టి ఆపు అన్నా, క్లిక్ చేయొద్దు. ఒక సెకనులో పేరు కనిపిస్తుంది. అవన్నీ రాసి ఇక్కడ పెట్టు.

రాత్రి_షిఫ్ట్
ఇంత దేనికి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి అన్నీ డిజేబుల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. తెలియని సాఫ్ట్‌వేర్లు అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. నా సిస్టమ్‌లో నాలుగంటే నాలుగు ఐకాన్లు, ఏ గొడవా లేదు.

ట్యాలీ_మేడమ్
రాత్రి షిఫ్ట్ గారూ, మీది ఇంట్లో వాడుకునే సిస్టమ్ అయ్యుంటుంది. ఆయనది నెట్ సెంటర్. ఆ తాళంచెవి బొమ్మ డీఎస్సీ టోకెన్‌ది, అంటే డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి దానిది, వేలిముద్ర బొమ్మ బయోమెట్రిక్ డివైస్‌ని నడిపించే ఆర్డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్‌ది అయ్యే అవకాశం ఉంది. అవి పోతే మర్నాడు షాపు తెరిచి కూర్చున్నా పని జరగదు. దయచేసి అన్నీ తీసేయమని చెప్పకండి.

మార్కాపురం_నెట్‌సెంటర్
మౌస్ పెట్టి చూశాను. మేఘం వన్‌డ్రైవ్ అంటోంది. డాలు మీద విండోస్ సెక్యూరిటీ, యాక్షన్స్ రికమెండెడ్ అని వస్తోంది. నారింజ స్పీకర్ రియల్‌టెక్. కప్పు జావా అప్‌డేట్. కెమెరా మీట్ నౌ. తాళంచెవి, వేలిముద్ర రెండూ మేడమ్ చెప్పినవే. ప్రింటర్ బొమ్మలు రెండున్నాయన్నాను కదా, మౌస్ పెట్టేసరికి అందులో ఒకటి మాయమైపోయింది! నేనేం నొక్కలేదు. ఇక నీలం గుండ్రటి దాని మీద ఎంతసేపు పెట్టినా ఏ పేరూ రావడం లేదు.

హార్డ్‌వేర్_బాబాయ్
మాయమైన దాని గురించి కంగారుపడకు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలైనట్టుంది. సరిగ్గా మూసుకుంటే పోయేముందు తన ఐకాన్ తీసేసుకుని పోతుంది, ఠక్కున పడిపోతే తీసుకునే తీరిక ఉండదు కాబట్టి బొమ్మ అక్కడే ఉండిపోతుంది. నువ్వు మౌస్ దాని మీదికి తీసుకెళ్లినప్పుడు విండోస్ చూసుకుని, దీని వెనక ప్రోగ్రామ్ లేదని తుడిచేస్తుంది. 95 నాటి నుంచి ఇదే తంతు. టాస్క్‌బార్, అదే తెర అడుగున ఉండే పట్టీ, వచ్చిందే విండోస్ 95తో కదా, ఆ రోజుల్లో మోడెమ్ ఐకాన్లు ఇలా ఐదేసి వరసగా మిగిలిపోయేవి.

డల్లాస్_డేటా
ఆ డాలు మీద పసుపు త్రికోణం వైరస్ దొరికిందని కాదు. నువ్వు చేయాల్సిన పని ఏదో మిగిలిందని. క్లిక్ చేస్తే అదే చెబుతుంది, చాలాసార్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమనో, వన్‌డ్రైవ్ సెట్ చేసుకోమనో ఉంటుంది. ఆకుపచ్చ టిక్ ఉంటే అంతా బాగుంది. ఎర్ర ఇంటూ ఉంటే మాత్రం చేతిలో పని ఆపి వెంటనే చూడాలి.

కృష్ణలంక_కుర్రాడు
కెమెరా బొమ్మ ఉన్న మీట్ నౌ స్కైప్‌కి సంబంధించినది. 2020లో విండోస్ 10 అప్‌డేట్‌తో దానంతట అదే వచ్చి కూర్చుంది, అప్పుడు మా అమ్మ తన కెమెరా ఎవరో ఆన్ చేశారనుకుని రెండు రోజులు ల్యాప్‌టాప్ మీద టవల్ కప్పింది. 2025 మే 5న స్కైప్‌నే మూసేశారు. రైట్‌క్లిక్ కొట్టి హైడ్ చేసెయ్.

సిద్దిపేట_సార్
2015 జూన్‌లో ఏమైందో గుర్తుందా ఎవరికైనా? విండోస్ 7, 8.1 ఉన్న సిస్టమ్‌లలో గడియారం పక్కన తెల్లటి విండోస్ గుర్తు ప్రత్యక్షమైంది. విండోస్ 10 ఉచితంగా ఇస్తాం, బుక్ చేసుకోండి అని. మా స్కూల్ ల్యాబ్‌లో 11 సిస్టమ్‌లకీ ఒకే రోజు వచ్చేసరికి వైరస్ అనుకుని నేనే నెట్ కేబుళ్లన్నీ పీకేశాను. తీరా అది విండోస్ అప్‌డేట్‌తో వచ్చిందే. కొత్త ఐకాన్ కనబడితే దొంగ అనే అనుకోనక్కర్లేదు, ఇంటివాళ్లే చెప్పకుండా తెచ్చిపెట్టినవి కూడా ఉంటాయి.

పల్నాటి_పిల్ల
పేరు రాకపోవడమే నాకు అనుమానంగా ఉంది. మంచి కంపెనీ వాళ్లు పేరు పెట్టకుండా వదులుతారా?

చెవులతో_విండోస్
నాకు చూపు లేదు, 2009 నుంచి ఎన్‌విడిఏ అనే, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడుతున్నాను. మేం మౌస్ వాడం కాబట్టి ఇంకో దారి చెబుతాను, కళ్లున్నవాళ్లకి కూడా పనికొస్తుంది. విండోస్ కీ పట్టుకుని బి నొక్కితే నేరుగా ఆ ఐకాన్ల దగ్గరికి వెళతారు. మొదట వచ్చేది పైబాణం, ఎంటర్ కొడితే దాచినవి తెరుచుకుంటాయి. అక్కడి నుంచి బాణం కీలతో ఒక్కోదాని మీదికి వెళ్లొచ్చు, షిఫ్ట్ ఎఫ్10 కొడితే రైట్‌క్లిక్ మెనూ వస్తుంది. చేయి వణికే పెద్దవాళ్లకి మౌస్ కదలకుండా పట్టుకోవడం కన్నా ఇది సులువు.
పల్నాటి పిల్ల గారు అడిగిన దానికి: పెద్ద కంపెనీలు కూడా వదిలేస్తాయి. మౌస్ పెడితే వచ్చే ఆ చిన్న పేరు విండోస్ పెట్టేది కాదు, ప్రోగ్రామ్ రాసినవాళ్లు రాయాలి. రాయకపోతే మీకు బొమ్మయినా కనిపిస్తుంది, నాకు "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. ఆఫీసులో నా సిస్టమ్‌లో అలాంటి బటన్లు మూడుండేవి, ఏది దేనిదో తెలుసుకోవడానికి పక్క సీటు ఆయన్ని పిలవాల్సి వచ్చేది. ఒక్క పేరు రాయడానికి అర నిమిషం పట్టదు. అదీ రాయనివాళ్ల మీద నాకు నిజంగానే కోపం.

డల్లాస్_డేటా
పై పోస్టులో చాలా ముఖ్యమైన సంగతి ఉంది, ఎవరూ దాటేయకండి. పేరు రాసేది ప్రోగ్రామ్ చేసినవాడే. అంటే దొంగ ప్రోగ్రామ్ కూడా "విండోస్ సెక్యూరిటీ" అని తన పేరు తనే రాసుకోవచ్చు, డాలు బొమ్మ కూడా పెట్టుకోవచ్చు. పేరు కనబడింది కదా అని అక్కడితో ఆగొద్దు. ఆ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూడాలి.

రాత్రి_షిఫ్ట్
అందుకే చెప్పాను అన్నీ తీసేయమని.

మార్కాపురం_నెట్‌సెంటర్
నిన్న రాత్రి నేను పెళ్లికి వెళ్తే షాపులో మా బావమరిది ఉన్నాడు. ఈ చర్చ నా ఫోన్‌లో చదివి వెళ్లాడు, మొదటి మూడు పోస్టులే చదివాడు కాబోలు, తెలియనివి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మంచిదే కదా అని తాళంచెవి సాఫ్ట్‌వేర్ తీసేశాడు. పొద్దున టోకెన్ పెడితే సిస్టమ్ దాన్ని గుర్తించడమే లేదు. ఇవాళ 19, రేపటికల్లా జీఎస్టీ 3బి రిటర్న్ వేయాలి. ఆ క్లయింట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఓటీపీతో వేసే దారి లేదు, డీఎస్సీ పెట్టి తీరాలి. ఎవరైనా త్వరగా చెప్పండి.

ట్యాలీ_మేడమ్
కంగారుపడకండి, సంతకం టోకెన్ లోపలే భద్రంగా ఉంది, పోయింది డ్రైవర్ ఒక్కటే. టోకెన్ పెట్టి దిస్ పీసీ తెరవండి. చాలా టోకెన్లు అక్కడ సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, దాని లోపలే సెటప్ ఫైల్ ఉంటుంది, దాన్ని రన్ చేస్తే చాలు. కనబడకపోతే టోకెన్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే దించుకోండి, గూగుల్‌లో పైన వచ్చిన ఏదో ఒక సైట్ నుంచి వద్దు. తర్వాత పోర్టల్‌లో సంతకానికి వాడే ఎమ్‌సైనర్ నడుస్తోందో లేదో కూడా చూసుకోండి. ఇంకొకటి, టోకెన్ పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టకండి, లాక్ అయితే ఇవాళ్టి పని ఇవాళ అవ్వదు.

మార్కాపురం_నెట్‌సెంటర్
సీడీ డ్రైవ్‌లా కనిపించింది మేడమ్. సెటప్ రన్ చేశాక తాళంచెవి మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి రిటర్న్ వేశాం. చాలా పెద్ద సాయం చేశారు. బావమరిది మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్ చెప్పమన్నాడు, పొద్దుట్నుంచి టీ కూడా తాగలేదు పాపం.

రాత్రి_షిఫ్ట్
సారీ అన్నా. నేను నా సిస్టమ్ సంగతి దృష్టిలో పెట్టుకుని రాశాను. స్టార్టప్‌లో డిజేబుల్ చేస్తే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు, అన్‌ఇన్‌స్టాల్ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పోస్టు అలాగే ఉంచుతున్నాను, లేకపోతే తర్వాత చదివేవాళ్లకి ఏం జరిగిందో అర్థం కాదు.

సిద్దిపేట_సార్
మంచి పని చేశావు తమ్ముడూ.
నెట్ సెంటర్ గారూ, ఆ నీలం దాని సంగతి తేలలేదు. విండోస్ 10లో ఒక ఉపాయం ఉంది. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్‌క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. కిందికి వస్తే ఏ ఐకాన్లు కనబడాలో ఎంచుకునే లింకు ఉంటుంది. అది తెరిస్తే అన్నిటి జాబితా, ఒక్కోదానికి ఒక స్విచ్. మొదట అన్నీ ఆన్‌లో పెట్టి, తర్వాత ఒక్కోటి ఆఫ్ చేస్తూ కింద చూస్తూ ఉండండి. ఏ స్విచ్ తీసినప్పుడు నీలం గుండ్రటిది బాణం లోపలికి వెళ్లిపోయిందో అదే దాని పేరు. మా ఇంట్లో ఫ్యూజు ఏ గదిదో ఇలాగే పట్టుకుంటాం.

హార్డ్‌వేర్_బాబాయ్
సార్ చెప్పింది సరే. ఆ జాబితాలో ఎప్పుడో తీసేసిన పాత సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా కొన్ని మిగిలి ఉంటాయి, వాటిని చూసి బెదరొద్దు. స్విచ్ ఆఫ్ చేస్తే బొమ్మ దాక్కుంటుందే గానీ ప్రోగ్రామ్ ఆగదు, ఇది చాలామంది పొరబడే చోటు. విండోస్ 11లో ఇదే సెట్టింగ్ పర్సనలైజేషన్, టాస్క్‌బార్, అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్ అనే చోట ఉంటుంది.

లినక్స్_లక్ష్మి
ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్లది ఉచిత టూల్ ఉంది. అందులో గురిపెట్టే గుర్తును పట్టుకుని ఆ ఐకాన్ మీద వదిలితే ఏ ప్రోగ్రామో చెప్పేస్తుంది.

డల్లాస్_డేటా
ఐకాన్ మీద వదిలితే చెప్పదు లక్ష్మి గారూ. ఆ మూల అంతా విండోస్ ఎక్స్‌ప్లోరర్ గీసేది కాబట్టి దేని మీద వదిలినా ఎక్స్‌ప్లోరర్ అనే వస్తుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే దాని కిటికీ తెరుచుకుంటుంది చూడండి, ఆ కిటికీ మీద వదలాలి. అప్పుడు పనిచేస్తుంది.

లినక్స్_లక్ష్మి
అవును, ఇప్పుడే చేసి చూశాను, మీరన్నట్టే వచ్చింది. నేను ఎప్పుడూ కిటికీల మీదే వాడాను, అందుకే తేడా తెలియలేదు.

మార్కాపురం_నెట్‌సెంటర్
సార్ చెప్పినట్టు స్విచ్‌లు తీస్తూ పోతే తొమ్మిదో దానికి నీలం గుండ్రటిది లోపలికి పోయింది. పక్కన ఇంగ్లిష్‌లో ఒక పేరు, చివర హోస్ట్ అని ఉంది. టాస్క్ మేనేజర్‌లో అదే పేరు వెతికి రైట్‌క్లిక్ చేసి ఫైల్ లొకేషన్ తెరిచాను. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఉంది. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ కూడా ఉంది, ఏదో విదేశీ కంపెనీ పేరు, సంతకం సరిగ్గానే ఉందని చూపిస్తోంది. వైరస్‌టోటల్ సైట్‌లో ఫైలు పెట్టి చూశాను, ఒక్క యాంటీవైరస్ కూడా తప్పు పట్టలేదు. అంటే మంచిదే కదా? ఉంచేయనా?

పల్నాటి_పిల్ల
హమ్మయ్య.

డల్లాస్_డేటా
ఆగండి. చివర హోస్ట్ అని ఉందంటే నాకు గుండె గుభేలుమంది. రిమోట్ యాప్‌లలో హోస్ట్ అంటే అవతలి నుంచి తెరవబడే సిస్టమ్ అని. మీ స్క్రీన్ ఇంకొకరు చూడటానికి, మీ మౌస్ ఇంకొకరు కదపడానికి పెట్టే సాఫ్ట్‌వేర్. ఫైలు అసలైనదే, కంపెనీ అసలైనదే, సంతకమూ అసలైనదే. ఆ సంతకం చూస్తే సాఫ్ట్‌వేర్ ఎవరు తయారుచేశారో తెలుస్తుంది. మీ సిస్టమ్‌లో ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో సంతకంలో ఉండదు. వైరస్‌టోటల్‌లో 70కి పైగా యాంటీవైరస్‌లు చూస్తాయి, వాటికీ ఇందులో తప్పేం కనబడదు, ఎందుకంటే తప్పు ఫైలులో లేదు. డబుల్ క్లిక్ చేసి సెట్టింగ్స్‌లో అన్‌అటెండెడ్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మీరు ఒప్పుకోకపోయినా, షాపులో ఎవరూ లేకపోయినా, సిస్టమ్ ఆన్‌లో ఉంటే చాలు, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు లోపలికి రావచ్చు. ముందు నెట్ కేబుల్ తీసి అప్పుడు చూడండి.

కృష్ణలంక_కుర్రాడు
దాంట్లో కనెక్షన్ల లాగ్ కూడా ఉండాలి. ఎప్పుడెప్పుడు లోపలికి వచ్చారో చూసి చెప్పు అన్నా.

మార్కాపురం_నెట్‌సెంటర్
ఆన్‌లో ఉంది. పాస్‌వర్డ్ కూడా పెట్టి ఉంది, నేను పెట్టలేదు. లాగ్‌లో మూడు కనెక్షన్లు. రెండు నేను ప్రింటర్ పనిచేయడం లేదని సర్వీస్ అబ్బాయికి ఫోన్ చేసిన రోజులే, ఆ టైముకే. మూడోది ఆదివారం రాత్రి 10:50కి, పన్నెండు నిమిషాలు. ఆ రోజు పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి సిస్టమ్ ఆపకుండా ఇంటికి వెళ్లాను. చేతులు చల్లబడుతున్నాయి.

హార్డ్‌వేర్_బాబాయ్
నేను ఇరవై ఏళ్లుగా సర్వీస్ చేస్తున్నాను, ఆ అబ్బాయి తరఫున ఒక మాట చెప్పనివ్వండి. ప్రింటర్ సెట్టింగ్ ఒకటి మార్చడానికి ముప్పై కిలోమీటర్లు బండి మీద పోయి వస్తే కస్టమర్ వంద రూపాయలు కూడా ఇవ్వడు. అందుకే అందరం రిమోట్ పెడతాం. దొంగతనానికి పెట్టాడని అప్పుడే అనకండి.

ట్యాలీ_మేడమ్
బాబాయ్, పెట్టడం తప్పనడం లేదు, చెప్పకుండా పెట్టడం తప్పు. మీరు రిపేరుకి వచ్చి ఇంటి తాళంచెవి ఇంకోటి చేయించుకుని వెళ్తే, మళ్లీ రిపేరుకి పనికొస్తుందని చేయించుకున్నాను అంటే ఊరుకుంటామా? అది కూడా ఊళ్లోవాళ్ల ఆధార్‌లు ఉన్న చోట.

హార్డ్‌వేర్_బాబాయ్
నిజమే అమ్మా. చెప్పి పెట్టాలి. నేను చెబుతాను గానీ కాగితం మీద రాసి ఎప్పుడూ ఇవ్వలేదు, ఇకనుంచి బిల్లు మీదే రాస్తాను.

చెవులతో_విండోస్
రిమోట్ యాప్‌ల ద్వారా డబ్బు లాగేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. నాకు తెలిసిన ఒకాయన, ఆయనకీ చూపు లేదు, బ్యాంకు నుంచి అని ఫోన్ వస్తే యాప్ పెట్టుకున్నాడు. అవతలివాడు తెర మీద ఏం చేస్తున్నాడో ఆయనకి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తూనే ఉంది, అర్థమై కేబుల్ లాగేసేలోపు ఇరవై వేలు పోయాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఉంటుంది.

సిద్దిపేట_సార్
నెట్ సెంటర్ గారూ, ఇప్పుడు చేయాల్సింది. ఐకాన్ మీద రైట్‌క్లిక్ చేసి ఎగ్జిట్ కొడితే సరిపోదు, సర్వీస్‌గా పెట్టి ఉంటే రీస్టార్ట్‌తో మళ్లీ లేస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అంతకుముందు ఆ లాగ్ ఫోటో తీసి పెట్టుకోండి. ఆ సిస్టమ్‌లో వాడిన పాస్‌వర్డ్‌లు అన్నీ, మెయిల్, బ్యాంకు, పోర్టల్‌లు, ఫోన్ నుంచి మార్చండి, ఆ సిస్టమ్ నుంచి వద్దు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా తీసేయండి.

డల్లాస్_డేటా
ఆ పన్నెండు నిమిషాల్లో ఫైళ్లు ఏవైనా పంపుకున్నారా అన్నది కూడా చూడండి, కొన్ని యాప్‌లు లాగ్‌లో అదీ రాస్తాయి. ఇక ముందు రిమోట్ సాయం కావాలంటే విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది, విండోస్, కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసేవాళ్లు ఒక కోడ్ చెబుతారు, అది మీరు కొట్టి, మీరు ఒప్పుకుంటేనే లోపలికి వస్తారు, మూసేస్తే అంతటితో అయిపోయినట్టే, తర్వాత వాళ్లంతట వాళ్లు రాలేరు. గుంటూరులో ఉన్న మా అమ్మ సిస్టమ్ నేను ఇలాగే చూస్తాను, ప్రతిసారీ కోడ్ కొట్టడం ఆమెకి విసుగే, అయినా శాశ్వతంగా తలుపు తెరిచి పెట్టడానికి కొడుకునైనా నాకే మనసొప్పదు. ఒక్క జాగ్రత్త, ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి క్విక్ అసిస్ట్ తెరవమంటే మాత్రం తెరవొద్దు.

మార్కాపురం_నెట్‌సెంటర్
ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. దాచలేదు, వెంటనే ఒప్పుకున్నాడు. సపోర్ట్ కోసం పెట్టాను అన్నా, చెప్పడం మర్చిపోయాను అన్నాడు. ఆదివారం రాత్రి యాంటీవైరస్ అప్‌డేట్ చేశానన్నాడు. లాగ్‌లో ఫైల్ బదిలీలేం కనబడలేదు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు, అలాగని గుండె మీద చేయి వేసి నిజమేననీ చెప్పలేను. నన్ను ఎక్కువ భయపెట్టింది తర్వాతి మాట. పాస్‌వర్డ్ ఏం పెట్టావురా అని అడిగితే, అందరికీ ఒకటేనన్నా, గుర్తుండాలి కదా అన్నాడు. వాడికి చుట్టుపక్కల నలభై షాపులు ఉన్నాయి. మెడికల్ షాపులు, ఇంకో రెండు నెట్ సెంటర్లు, ఒక చిట్స్ ఆఫీసు.

పల్నాటి_పిల్ల
నలభై షాపులకీ ఒకే పాస్‌వర్డా!

కృష్ణలంక_కుర్రాడు
వాడు మంచివాడే అనుకుందాం అన్నా. వాడి ఫోన్ పోతే? వాడి దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడికి ఆ పాస్‌వర్డ్ తెలిస్తే?

హార్డ్‌వేర్_బాబాయ్
ఇది నేను కూడా సమర్థించను. ఆ అబ్బాయిని నాతో మాట్లాడమని చెప్పు, ఇందాక నీ ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టాను. కోప్పడను. సిస్టమ్‌కో పాస్‌వర్డ్ పెట్టుకుని భద్రంగా దాచుకునే పద్ధతులున్నాయి, నేర్పిస్తాను. ఇంకో సంగతి, పోయిన నెల వేసి ఇచ్చింది విండోస్ 10 అన్నావు. దానికి 2025 అక్టోబర్ 14తోనే మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. చేశాడో లేదో అదీ అడుగు. సిస్టమ్‌కి సత్తా ఉంటే 11కి మారడం మేలు.

ట్యాలీ_మేడమ్
స్కాన్ల సంగతి కూడా చూడండి. అప్లికేషన్ అయిపోయాక కస్టమర్ ఆధార్ కాపీ మన దగ్గర ఎందుకు? మా ఆఫీసులో సాయంత్రం షట్టర్ వేసేముందు స్కాన్ ఫోల్డర్ ఖాళీ చేస్తాం, రీసైకిల్ బిన్ కూడా. మీ షాపుకి వచ్చేవాళ్లకి తమ వేలిముద్రలు వేరేవాళ్లు వాడకుండా ఆపే ఆధార్ బయోమెట్రిక్ లాక్ గురించి చెప్పండి, ఆధార్ యాప్‌లో పెట్టుకోవచ్చు. తమ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో ఆరు నెలల వెనక్కి చూసుకునే వీలు కూడా ఉంది.

మార్కాపురం_నెట్‌సెంటర్
నాలుగేళ్ల స్కాన్లు ఉన్నాయి మేడమ్, తీసేటప్పుడు చూస్తే ఆరు వేలకి పైనే ఫైళ్లు. చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయి అందులో. మళ్లీ పనికొస్తాయేమోనని ఉంచాను. నిన్న రాత్రి కూర్చుని మొత్తం తీసేశాను.
నీలం గుండ్రటిది అన్‌ఇన్‌స్టాల్ అయింది, రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను, తిరిగి రాలేదు. పాస్‌వర్డ్‌లు మార్చాను. ఆ అబ్బాయి బాబాయ్‌తో మాట్లాడతానన్నాడు, వారంలో నలభై షాపులకీ స్వయంగా తిరిగి చెప్పి మారుస్తానన్నాడు, మా పక్కవీధి మెడికల్ షాపుకి ఇవాళ పొద్దున నేనే తోడు వెళ్లాను. మిగిలిన ఐకాన్ల పేర్లు, ఏది దేనికో, ఏది తీయకూడదో తెలుగులో అట్టముక్క మీద రాసి మానిటర్ పక్కన అంటించాను. మొదటి లైను తాళంచెవి గురించే, బావమరిది తన చేత్తోనే రాశాడు.

చెవులతో_విండోస్
ఆ అట్టముక్క మీద ఉన్నది ఇక్కడ టైపు చేసి పెడతారా? ఫోటో పెడితే నాకు వినబడదు.

మార్కాపురం_నెట్‌సెంటర్
తప్పకుండా, సాయంత్రం టైపు చేసి పెడతాను. ఈలోపు చిన్న డౌట్. కాఫీ కప్పు, అదే జావా, ఉంచాలా తీయాలా?

ట్యాలీ_మేడమ్
మీరు చేసే పనుల్లో ఏ పోర్టల్‌కి జావా కావాలో ముందు మీ టాక్స్ ప్రాక్టీషనర్ గారిని అడగండి. అప్పటిదాకా తీయొద్దు. బావమరిదికి కూడా చెప్పండి.